సఖి కేంద్రం సేవ: అసలు పని జరిగేది రాతబల్ల దగ్గరే

హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లడానికి వెనకాడేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కడికి వెళ్తే మా ఆయన మీద కేసు పెట్టేస్తారా?" పెట్టరు. ఏ సాయం కావాలో, ఎంతవరకు కావాలో చెప్పాల్సింది మీరే. కౌన్సెలింగ్ చాలంటే అంతవరకే. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి మీద లైంగిక దాడి జరిగితే మాత్రం వేరు. పిల్లలను లైంగిక దాడుల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద ఆ సంగతి పోలీసులకు చెప్పి తీరాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే గడప దాటేవాళ్లు ఇంకా ఎందరో ఉంటారు.

కేంద్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్ 1న నిర్భయ నిధితో మొదలుపెట్టిన వన్ స్టాప్ సెంటర్ పథకమే మన దగ్గర సఖి. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, కొద్దిరోజుల వసతి అన్నీ ఒక్క చోటే, పైసా ఖర్చు లేకుండా. మొదటి వారం గట్టెక్కించడానికి ఇంతకంటే మంచి సేవ మన జిల్లాల్లో మరొకటి లేదనే అంటాం. ఆ తర్వాతి నెలల సంగతి మాత్రం ఆ మొదటి వారంలో కాగితం మీద ఏం రాయించుకున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. అందుకే ఇక్కడ రాత గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు ఫోను. 181 మహిళా హెల్ప్‌లైన్ రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఉచితం. తలుపు బయట కత్తి పట్టుకుని నిలబడ్డాడంటే మాత్రం 112కే చేయాలి, పోలీసు బండి వచ్చేది దానికే. 181కి చేసినప్పుడు కథంతా మొదలుపెట్టకండి. ఎక్కడున్నారు, దెబ్బలు తగిలాయా, పక్కన పిల్లలున్నారా, తిరిగి ఏ వేళలో ఫోన్ చేస్తే మీకు ఇబ్బంది ఉండదు అనే నాలుగు మాటలు ముందు చెప్పాలి. ఫోను మధ్యలో తెగిపోయినా వాళ్లు కదలడానికి ఆ నాలుగూ చాలు. తర్వాత కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసేయడం మరచిపోవద్దు. ఇల్లు వదిలేలోపే దొరికిపోవడానికి ఆ ఒక్క నంబరు చాలు.

వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లి ఫొటో, శుభలేఖ, నగల బిల్లులు, రోజూ వేసుకునే మందులు వీలైనన్ని తీసుకెళ్లండి. ఏవీ దొరక్క కట్టుబట్టలతో వెళ్లినా వెనక్కి పంపకూడదు. కాగితాలకు ఇంట్లో తాళం వేసి ఉంటే, ఏవేవి లోపల ఉండిపోయాయో పట్టీ రాయించండి. అవి ఇప్పించమని తర్వాత కోర్టును అడగొచ్చు.

ఒంటి మీద దెబ్బలుంటే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు ప్రభుత్వ ఆసుపత్రి. కమిలిన మచ్చ నాలుగు రోజుల్లో రంగు మారుతుంది, ఆ తర్వాత కనిపించకుండా పోతుంది. డాక్టరు "ఎలా తగిలింది" అని అడిగినప్పుడు పరువు కోసం "మెట్ల మీద జారిపడ్డాను" అంటే ఆ మాటే రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఏడాది తర్వాత అవతలి వకీలు చదివి వినిపించేది దాన్నే. ఎవరు, దేనితో కొట్టారో ఉన్నదున్నట్టు చెప్పి, ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే కొట్టిన దెబ్బలను ఆసుపత్రి నమోదు చేసే రికార్డు) నంబరు అడిగి రాసుకోండి.

ఇక సఖిలో మీ గోడు రాసుకునే రాతబల్ల దగ్గరికి వద్దాం. కేస్ వర్కర్ మీ మాటలు విని నమోదు చేస్తారు. గృహహింస చట్టం కింద ఉపశమనం కావాలంటే ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా డీఐఆర్, అంటే గృహహింస సంఘటన నివేదిక తయారవుతుంది. ఇది ఫారం 1. మేజిస్ట్రేటు మొదట చూసేది దీన్నే. ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: "అదనపు కట్నం కోసం వేధిస్తున్నాడు, కొడుతున్నాడు" అని రెండు వాక్యాలతో సరిపెట్టేస్తారు. పదేళ్ల కాపురం రెండు వాక్యాల్లో ఇమడదు, కోర్టు దాన్ని నమ్మాలనీ లేదు.

తేదీ గుర్తులేకపోతే పండుగ చెప్పండి, పంట చెప్పండి, పాప ఏ తరగతిలో ఉన్నప్పుడో చెప్పండి. "మొన్న సంక్రాంతికి రెండ్రోజుల ముందు, వంటింట్లో, అత్తగారు చూస్తుండగా, అట్లకాడతో ఎడమ చేతి మీద" అన్నది సాక్ష్యానికి దారి చూపిస్తుంది. ఇలాంటివి నాలుగు రాయించాలి, వాటిలో మొదటిది, అన్నిటికంటే ఘోరమైనది, ఇటీవలిది తప్పకుండా ఉండాలి. చాలామంది కొట్టినదే హింస అనుకుని మిగతావి వదిలేస్తారు. జీతం లాక్కోవడం, ఏటీఎం కార్డు తీసేసుకోవడం, పిల్లల ఫీజు కట్టకపోవడం, పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన బంగారం తాకట్టు పెట్టడం ఆర్థిక హింస కిందికే వస్తాయి. బూతులు, అనుమానాలు, పుట్టింటికి ఫోన్ చేయనివ్వకపోవడం కూడా చట్టంలో ఉన్నవే. అన్నీ చెప్పాలి.

రాయడం అయ్యాక చదివి వినిపించమనండి. మీరు అననిది ఉంటే కొట్టేయించండి, అన్నది లేకపోతే చేర్పించండి, ఆ తర్వాతే సంతకం. మొహమాటపడితే నష్టపోయేది మీరే. నకలు అడిగి తీసుకోండి. నమోదు నంబరు ఒకటి పుట్టింటివాళ్ల దగ్గర, ఒకటి మీరు నమ్మే స్నేహితురాలి దగ్గర ఉండాలి.

అవతలివాళ్ల చిరునామా విషయంలో మరో చిక్కు. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటుంది, మనిషి కూకట్‌పల్లిలోనో గాజువాకలోనో అద్దెకుంటాడు. పాత చిరునామాకు వెళ్లిన నోటీసు తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది, మళ్లీ నోటీసు. కేసులు నెలలపాటు కదలకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇంటి చిరునామాతోపాటు పనిచేసే చోటు, ఫోను నంబరు, దగ్గరి గుర్తు అన్నీ ఇవ్వండి.

వసతి గురించి సూటిగా: సఖిలో ఉండనిచ్చేది సాధారణంగా ఐదు రోజులే. పడక, భోజనం, బట్టలు ఇస్తారు. ఆడపిల్లలను వెంట తీసుకెళ్లొచ్చు. మగపిల్లలకు వయసు పరిమితి ఉంది కాబట్టి బయల్దేరేముందే ఫోన్‌లో అడగాలి. ఈ పథకంలో మాకు కనిపించే అతిపెద్ద లోటు ఈ ఐదు రోజులే. పదేళ్లు ఒకరి నీడలో బతికిన మనిషి ఐదు రోజుల్లో ఏ నిర్ణయం తీసుకోగలదు? ఐదో రోజు సాయంత్రం ఎటూ పాలుపోక మళ్లీ ఆ ఇంటికే తిరిగి వెళ్లేవాళ్లు ఉన్నారు. అందుకని రెండో రోజే అడగండి: శక్తి సదన్‌లో (కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు ఇంకొంత కాలం వసతి ఇచ్చే ఆశ్రయం) చోటు ఉందా, ఎంతకాలం ఉండొచ్చు, పిల్లల బడి ఎలా? ఉద్యోగం ఉంటే సఖి నివాస్ పేరుతో నడిచే ఉద్యోగినుల హాస్టల్ గురించీ అడగండి.

కౌన్సెలింగ్ బాగా జరిగిన చోట మనిషికి ఊపిరి తిరిగొస్తుంది. మనసులోది ఒకరితో పూర్తిగా చెప్పుకోవడం చాలామందికి అదే మొదటిసారి. కానీ కౌన్సెలింగ్ వేరు, రాజీ వేరు. "పిల్లల మొహం చూసి సర్దుకుపో" అనే మాట పెద్దమనుషుల పంచాయితీలో అప్పటికే పదిసార్లు విని వచ్చి ఉంటుంది ఆమె. మళ్లీ అదే వినిపిస్తే "నాకు రాజీ వద్దు, డీఐఆర్ రాయండి" అని చెప్పే హక్కు ఆమెకుంది. కాపురం నిలబెట్టుకోవాలనే ఉంటే అదీ ఆమె ఇష్టమే, అందులో తప్పేం లేదు. అయితే "ఇకమీదట బాగా చూసుకుంటాను" అని తెల్లకాగితం మీద సంతకానికి విలువ చాలా తక్కువ. నెలకు ఎంత ఇస్తాడు, ఏ తేదీకి, ఏ ఖాతాలో, బంగారం ఎప్పుడు తిరిగిస్తాడు అనే షరతులు విడివిడిగా ఉండాలి, అవి కోర్టు ఉత్తర్వులోకి చేరాలి.

కోర్టు దాకా వెళ్తే రెండు దారులున్నాయి, అవి కలగాపులగం అవుతుంటాయి. భర్త, అతని బంధువులు పెట్టే బాధల మీద వేసే క్రిమినల్ కేసు (పాత ఐపీసీ 498ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) శిక్ష కోసం. గృహహింస చట్టం 12వ సెక్షన్ పిటిషన్, వాడుకలో డీవీసీ, ఇల్లు, డబ్బు, రక్షణ, పిల్లల కోసం. ఒకటి వేస్తే రెండోది వేయకూడదని లేదు. ఇంటి అద్దె కట్టడానికి డబ్బు కావాల్సిన మనిషికి ముందు పనికొచ్చేది రెండోదే. దాన్ని పుట్టింటి ఊళ్లో, తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లో కూడా వేయొచ్చు. ఇల్లు మామగారి పేరున ఉంది కాబట్టి నీకు హక్కులేదంటే నమ్మి ఊరుకోవద్దు. కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా అక్కడ నివసించే హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అది ఉండే హక్కే, ఆస్తిలో వాటా కాదు. ఈ చట్టం భార్యలకే అనుకోవడమూ పొరపాటు. కొడుకు కొడుతుంటే తల్లి, అన్న గెంటేస్తే ఒకే ఇంట్లో ఉన్న చెల్లెలు కూడా అడగొచ్చు.

తొలి విచారణ మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో అని చట్టంలో ఉంది. నడిచేది అంత వేగంగా కాదు. అందుకే మధ్యంతర ఉత్తర్వు, అంటే తుది తీర్పు వచ్చేలోపు ఇచ్చే ఉత్తర్వు కోసం ఫారం 3 అఫిడవిట్ పిటిషన్‌తోపాటే వేయించాలి. వకీలుకు డబ్బు లేదన్న బెంగ అక్కర్లేదు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పిటిషన్‌లో "తగిన మొత్తం ఇప్పించండి" అని రాయనివ్వకండి. అద్దె, బియ్యం, పాలు, ఫీజు, మందులు విడివిడిగా లెక్కగట్టి నెల మొత్తం వేయండి. ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలని, మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కించాలని కూడా 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దరఖాస్తు ఆలస్యమైన ప్రతి నెలా ఆ నెల డబ్బు పోయినట్టే.

ఉత్తర్వు వచ్చాక దాని నకలు కోర్టు ఉచితంగా ఇవ్వాలి, మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కూ పంపాలి. చేరిందో లేదో స్టేషన్‌కు వెళ్లి మీరే కనుక్కోండి. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అతను మళ్లీ గుమ్మం ముందుకొచ్చిన రాత్రి వెతుక్కోకుండా, ఒక నకలు తలుపు దగ్గర చేతికందేలా పెట్టుకోండి.