ఫ్యాక్టరీకీ ఇళ్లకీ మధ్య గోడ మేలా, చెట్లు మేలా?

రేణిగుంట, గాజులమండ్యం వైపు ఇళ్లస్థలాలు కొన్నవాళ్లు ఈమధ్య తరచూ అడిగేది ఒకటే: ఫ్యాక్టరీ హద్దులో గోడ ఎత్తు పెంచమని పట్టుబట్టాలా, చెట్లు పెట్టమనాలా?

మీ బాధ చప్పుడైతే గోడకే నా ఓటు. ఇళ్లున్న చోట చట్టం ఒప్పుకునేది పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. నైట్ షిఫ్టు జనరేటరు మోతను అంతకు దించడం ఒక వరుస చెట్ల వల్ల కాదు. దానికి పదుల మీటర్ల మందాన దట్టమైన తోపు కావాలి.

దుమ్ము సంగతి వేరు. గోడకు కొట్టుకున్న గాలి పైకి లేచి, అవతల సుడి తిరిగి, మోసుకొచ్చిన దుమ్మును మేడ మీద ఆరేసిన బట్టల మీదే దింపుతుంది. చెట్లలో అయితే సగం దూరి, సగం ఆగి నెమ్మదిస్తుంది. దుమ్ము ఆకులకు పడుతుంది. ఎండల్లో రోడ్డు పక్క కానుగాకు మీద వేలితో గీసి చూడండి, గీత తేలుతుంది. గట్టి వాన ఒకటి పడితే ఆకు మళ్లీ సిద్ధం.

అందరూ చెట్టు ఎత్తు చూస్తారు, నేను మాత్రం మొదలు చూస్తాను. పైన గుబురుగా ఉండి కింద ఉత్త బోదెలే ఉంటే, గాలి ఆ సందుల్లోంచి ఇంకా జోరుగా వస్తుంది, అదీ సరిగ్గా మన ముక్కు ఎత్తులో. అందుకే ఫ్యాక్టరీ వైపు ముందు వావిలి పొదలు, వాటి వెనక కానుగ, ఆ వెనక వేప, నేరేడు పెట్టమంటాను. వావిలిని మేకలు ముట్టవు. మన ఊళ్లలో అది చిన్న సంగతేం కాదు. నీటుగా కనబడాలని కానుగ కింది కొమ్మలు కొట్టేసే తోటమాలిని మాత్రం ఆ దరిదాపులకు రానివ్వొద్దు.

గోడతో ఇంకో చిక్కుంది. వాలుకు అడ్డంగా కట్టి తూములు వదలకపోతే వాన నీళ్లన్నీ దాని దగ్గరే నిలుస్తాయి. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తొందరగా గుబురుగా పెరిగే విదేశీ చెట్టు కోనోకార్పస్ మాత్రం వద్దు. గుజరాత్ 2023లోనే నిషేధించింది. పచ్చిక ఫొటోకు బాగుంటుంది, అంతే.

జాగా మూడు మీటర్లే ఉంటే తూములున్న గోడ, దాని పక్కన వావిలి; అంతకు మించి ఆశపడొద్దు. ఎక్కువుంటే చెట్లే. సెప్టెంబరు చివర్లో నాటితే ఈశాన్య రుతుపవనాల వానలు అందుతాయి. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు నీళ్లెవరు పోస్తారు? ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీళ్లు ఇస్తారా, కాలనీవాళ్లే ట్యాంకరు తోలించుకోవాలా అన్నది గుంతలు తవ్వకముందే కాగితం మీద రాయించుకోండి.