మెయిల్ టైమ్ తప్పు చూపిస్తే గడియారం తిప్పాలా, జోన్ మార్చాలా?

మలక్‌పేటలో మా బాబాయి డెస్క్‌టాప్ కొన్నప్పటి నుంచీ గడియారం చేత్తో సరిచేసుకుంటూ వచ్చారు. డిసెంబరులో ఒక కొటేషన్ పొద్దున పదింటికే మెయిల్‌లో పంపారు. గడువు సాయంత్రం ఐదు. రెండు రోజుల తర్వాత అవతలివాళ్లు ఆ మెయిల్ తీస్తే దాని మీద రాత్రి 11:30 అని ఉంది, ఆలస్యమైందన్నారు.

"టైమ్ కరెక్టే ఉంది కదరా, చూడు" అని స్క్రీన్ మూల చూపించారు బాబాయి. అంకెలు కరెక్టే. టైమ్ జోన్, అంటే అది ఏ ప్రాంతపు టైమో చెప్పే సెట్టింగ్, మాత్రం అమెరికా పసిఫిక్.

పంపే మెయిల్ తేదీ వరుసలో మన టైమ్‌తో పాటు జోన్ కూడా వెళ్తుంది. మనకు +0530 ఉండాలి. బాబాయిది "10:00, -0800" అని వెళ్లింది. యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు ఆధారంగా పెట్టుకునే టైమ్‌లో, అది 18:00. మనం దానికి అయిదున్నర గంటలు ముందు, కాబట్టి మన లెక్కలో రాత్రి 11:30. వచ్చే మెయిల్స్‌కు ఇదే తిరగబడుతుంది: పొద్దున పదింటి మెయిల్ నిన్న రాత్రి 8:30 అని కనిపిస్తుంది.

అందుకే గడియారం చేత్తో తిప్పడం నాకు అస్సలు నచ్చదు. కంటికి సరిగ్గా ఉంటుంది, లోపల పదమూడున్నర గంటల తప్పు అలాగే ఉంటుంది. జోన్‌ను చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్న +5:30కి మార్చి, టైమ్ దానంతటదే సెట్ అయ్యే స్విచ్ ఆన్ చేసి, ఒకసారి సింక్ నొక్కితే రెండు నిమిషాల పని. పాత ఇన్‌బాక్స్ కూడా అప్పటికప్పుడే సర్దుకుంటుంది, ఎందుకంటే చూపించే టైమ్‌ను ప్రోగ్రామ్ జోన్ చూసి లెక్కగడుతుంది. పంపేసిన మెయిల్స్ మీద పడ్డ తేదీ మాత్రం ఇక మారదు.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు ఇంకో దారి ఉంది. జాబితా పైన కాలమ్స్ ఎంచుకునే గుర్తు నొక్కి "రిసీవ్డ్" పెట్టుకుంటే, పంపినవాళ్ల గడియారం కాక, మెయిల్ అందుకున్న సర్వర్ వేసిన టైమ్ కనిపిస్తుంది. అవతలివాళ్ల పీసీ తప్పుగా ఉన్నప్పుడు ఇదే మేలు, వాళ్ల జోన్ మనం మార్చలేం కదా. మన పీసీయే తప్పుగా ఉంటే దీనివల్ల లాభం లేదు.

బాబాయిని కాపాడింది కూడా సర్వర్ ముద్రే. అవతలివాళ్లను మెయిల్ పూర్తి సోర్స్, అంటే మామూలుగా కనిపించని వివరాల వరుసలతో సహా, తెరవమని అడిగాం. "రిసీవ్డ్" వరుసల్లో పది గంటలే ఉంది. కొటేషన్ తీసుకున్నారు. ఆయన ముఖంలో ఆ తేలిక చూశాకే ఇది రాయాలనిపించింది.

తేడా ఎంతో చూస్తే మందు తెలుస్తుంది. పన్నెండున్నర, పదమూడున్నర గంటలైతే బాబాయి కథే, వేసవిలో అమెరికా గడియారం గంట జరుగుతుంది కాబట్టి రెండు అంకెలు. సరిగ్గా అయిదున్నరైతే జోన్ యూటీసీలో ఉండొచ్చు. ఒకే పీసీలో విండోస్, లినక్స్ రెండూ ఉన్నా ఇదే తేడా వస్తుంది: మదర్‌బోర్డు మీది గడియారాన్ని ఒకటి యూటీసీగా, ఇంకొకటి లోకల్ టైమ్‌గా చదువుతాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంటే ఆ గడియారాన్ని నడిపే మదర్‌బోర్డు సెల్ అయిపోయినట్టే. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032, 3 వోల్టులది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో అడగండి. పాతది తీసుకెళ్తే మంచిది, మీద నంబరు ఉంటుంది.