పెన్సిల్ లేకుండా మోర్స్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

హామ్ రేడియోలో వినిపించే మోర్స్ కోడ్‌ని, అంటే చుక్కలూ గీతల మోతని, విని అర్థం చేసుకోవడానికి నేను వాడే ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ ఉంది. మాట మొత్తం మోగి ఆగేదాకా కీబోర్డ్ పనిచెయ్యదు. అయ్యాకే టైప్ చెయ్యాలి. మొదటి వారం దాన్ని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు మిగతావన్నీ తీసేసినా పర్లేదు, అదొక్కటుంటే చాలంటాను.

నా రోగమల్లా పెన్సిలే. కాచ్ పద్ధతిలో కె, ఎమ్‌లతో మొదలెట్టి, మొదట్నుంచీ నిమిషానికి 20 పదాల వేగంతోనే వింటూ, నూటికి తొంభై సరిగ్గా వచ్చినప్పుడల్లా ఇంకో అక్షరం కలుపుకుంటూ పోయాను. దాన్ని మించింది లేదని అప్పట్లో కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడూ కాదనను గానీ, అది నాకు నేర్పింది అక్షరాలే. చెవిలో పడ్డది తిన్నగా కాగితం మీదికి పోయేది. ఏం రాశానో తెలియాలంటే మళ్లీ చదువుకోవాలి.

కీబోర్డ్ కట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఒక అక్షరం జారిపోతే దాని వెంట పడకూడదు, పోనివ్వాలి. ఈ ముక్క ఒంటబట్టడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత ఓ సాయంత్రం నేను అంట్లు తోముతుంటే, పక్కగదిలో రేడియోలో 40 మీటర్ల బ్యాండ్ మీద ఎవరో ఇంకెవరికో 'ఎక్స్‌వైఎల్ (హామ్‌ల భాషలో భార్య) భోజనానికి పిలుస్తోంది' అని కొట్టి, 73 (శుభాకాంక్షలు) చెప్పి పారిపోయాడు. గిన్నె చేత్తో పట్టుకుని నవ్వేశాను. నవ్వాక గానీ తట్టలేదు, ఒక్క అక్షరం కూడా రాసుకోలేదని.

ఆ గర్వం మూణ్ణెల్లు కూడా నిలవలేదు. ఒకాయన ఊరి పేరు పంపుతున్నాడు. ఆర్, ఏ, జె, ఏ... మిగతాది నా బుర్రే పూరించేసుకుంది. 'రాజమండ్రి మా అత్తగారి ఊరండీ' అని కొట్టాను. ఆయన ఓపిగ్గా రెండుసార్లు పంపాడు: రాజపాళయం. ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ నాలుగక్షరాల తర్వాత రాజమండ్రికి హెచ్, రాజపాళయానికి పి. హెచ్ అంటే డి-డి-డి-డిట్, అన్నీ చుక్కలే; పి అంటే డి-డా-డా-డిట్, మధ్యలో రెండు గీతలు. పసిపిల్లాడికైనా తేడా తెలుస్తుంది. నేను విన్లేదు, ఊహించాను.

వెంటనే ఇంకో మాట పంపాడు. బి, ఏ, జి, యు... తెగిపోయింది. మళ్లీ పంపమన్నాను. మళ్లీ పోయింది. మూడోసారి సిగ్గు వదిలి పెన్సిల్ అందుకున్నాను. కాగితం మీద చూస్తే 'బాగున్నారా' అని ఉంది! ఊరు తమిళనాడులో ఉన్నా రాజపాళయం రాజులు ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారన్నది అప్పుడు గుర్తొచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవన్నీ ఇంగ్లీషు మాటలే మరి. రిగ్ (రేడియో సెట్టు), వెదర్, యాంటెన్నా మోతతోనే తెలిసిపోతాయి. అమ్మ నేర్పిన మాట మాత్రం ఆ మోతలో నేనెన్నడూ విన్నది కాదు.

ఆ ఆదివారమే రెండొందల తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి ఎక్కించాను. చిన్నవి పట్టుబడ్డాయి. విశాఖపట్నం మాత్రం ఇప్పటికీ లొంగలేదు. పదమూడు అక్షరాలు, చివరి ఎమ్ వచ్చేసరికి ముందున్న వి ఎగిరిపోతుంది. వైజాగ్ అని పంపేవాళ్లకి దణ్ణం పెట్టాలి.

నాకు 51 ఏళ్లు, రోజూ బస్సులో నలభై నిమిషాలు ఖాళీ, తొందరేం లేదు. అందుకే ఇది నాకు కుదిరింది. హామ్ లైసెన్సుకి జనరల్ గ్రేడ్ పరీక్ష నెత్తిమీదున్నవాళ్లు ముందు రాసుకోవడమే నేర్చుకోవడం మేలేమో. కాంటెస్టుల్లో ఒకరికొకరం పంపుకునే సీరియల్ నంబర్లు నేనూ రాసుకుంటూనే ఉన్నాను. రాజపాళయం ఆయన మాత్రం నాకు ఊరి పేరు పూర్తిగా పంపడం మానేశాడు. రైల్వే కోడ్ ఆర్‌జెపిఎమ్ అని నాలుగక్షరాలు కొట్టి వదిలేస్తాడు.