సిండోపా ప్లస్ 125: మాత్ర మంచిదే, పాలగ్లాసుతోనే పేచీ

మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గి వచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు ఈరోజుకీ లెవోడోపాను మించిన మందు లేదు. ఒంట్లో డోపమైన్‌గా మారే ఈ మందే సిండోపా మాత్రల్లో ఉండేది. ఒళ్లు బిగుసుకుపోవడం, నడక మందగించడం మీద బాగా పనిచేస్తుంది. వణుకు మాత్రం అందరికీ ఒకేలా తగ్గదు.

సిండోపా 110లోనూ ప్లస్ 125లోనూ లెవోడోపా 100 మి.గ్రా.లే. తేడా కార్బిడోపాలో ఉంది: ఒకదాంట్లో 10, ఇంకోదాంట్లో 25. మందు మెదడుకు చేరకముందే డోపమైన్‌గా మారి వాంతి తెప్పించకుండా ఆపేది ఈ కార్బిడోపానే. రోజుకు కనీసం 70 మి.గ్రా. పడాలి. 110 మూడుపూటలా వేసినా 30కి మించదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా ఓటు 125కే.

"మాత్ర పట్టడం లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం తిండే. చిత్తూరు వైపు పొద్దున్నే పాలతో మాత్ర మింగే అలవాటు ఎక్కువ. పాలు, పప్పు, గుడ్డులోని ప్రోటీన్ అరిగి అమైనో ఆమ్లాలవుతుంది. లెవోడోపా పేగు దాటాలన్నా మెదడులోకి వెళ్లాలన్నా వాటితో పోటీపడాల్సిందే. తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంటన్నర తర్వాత, నీళ్లతో వేయండి. వికారంగా ఉంటే గుప్పెడు బొరుగులు చాలు. మందు ప్రభావం మధ్యలోనే దిగిపోతుంటే సంగటిలోకి పప్పు, గుడ్డు రాత్రికి మార్చి చూడండి. ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడం ఉండాలి.

వాంతులకని, కళ్లు తిరుగుతున్నాయని పెరినార్మ్, స్టెమెటిల్ అడిగి కొనుక్కోవద్దు. అవి డోపమైన్‌నే అడ్డుకుంటాయి, జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది. లేచినప్పుడు బీపీ పడిపోవడం ఈ మందుతో మామూలే. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో గేటు తీయగానే లేచి పరుగెత్తకుండా, కాళ్లు ఆడించి, ఒక నిమిషం నిలబడి కదలాలి. తర్వాతి పూట మాత్ర జేబులోనే ఉంచుకోవాలి.

సీఆర్ రకాన్ని (మందు మెల్లగా విడుదలయ్యే మాత్ర) నమలకూడదు, నూరకూడదు. అది ఒంటికి పట్టేది కొంత తక్కువ, కాబట్టి 125 బదులు సీఆర్ 125 అని షాపులో మార్చుకోకండి. దూలగొండి పొడిలో నిజంగానే లెవోడోపా ఉంది. కానీ కార్బిడోపా లేదు, ఏ పొట్లంలో ఎంత ఉందో తెలీదు; మాత్రకు తోడైతే ఒళ్లు మెలికలు తిరిగే ప్రమాదముంది.

చర్మం కింద రోజంతా లెవోడోపా రకం మందు ఎక్కించే పంపుకు 2024లో, మెదడు సంకేతాన్ని బట్టి సర్దుకునే డీబీఎస్‌కు (మెదడులో తీగలు అమర్చి కరెంటుతో ప్రేరేపించే చికిత్స) 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండూ లక్షణాలకే, జబ్బును ఆపవు. లెవోడోపాకు బాగా స్పందించేవాళ్లకే డీబీఎస్ ఎక్కువగా కలిసొస్తుంది. ఆ సంగతి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి న్యూరాలజీలో అడగొచ్చు.

ఏకాదశి ఉపవాసమైనా మాత్ర ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే జ్వరం, ఒళ్లు కొయ్యబారడం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.