వాకీటాకీలో ఛానెల్ మార్చడం: నాబ్, స్కాన్, కంట్రోల్ రూమ్... ఏది మేలు?

పనిచేసే చోటికి వాకీటాకీలు కొనేటప్పుడు అందరూ రేంజి ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అనే అడుగుతారు. ఛానెల్ ఎలా మారాలన్నది సెట్లు ప్రోగ్రామ్ చేసే మనిషికి వదిలేస్తారు. తర్వాత రోజూ తలనొప్పి తెచ్చేది అదే.

నా ఓటు నాబ్‌కే. చాలా చేతి సెట్లలో పైన 16 స్థానాల నాబ్ ఉంటుంది. చేతికి గ్లౌజులున్నా, కళ్లు పనిమీదున్నా, టిక్కులు లెక్కపెట్టుకుంటూ తిప్పొచ్చు. చివర్లో ఆగే రకమైతే ఇంకా మంచిది. ఎడమకి పూర్తిగా తిప్పితే ఒకటో ఛానెల్, చీకట్లోనైనా తెలిసిపోతుంది. అందుకే అందరూ కలిసే ఛానెల్‌ని ఒకటో స్థానంలోనే పెట్టాలి.

నాబ్‌తో చిక్కు లేకపోలేదు. బెల్టుకి రాసుకుని ఒక టిక్కు జరిగిపోతుంది. ఆ మనిషేమో ఇవాళ ఎవరూ మాట్లాడటం లేదనుకుంటాడు. దీనికి రెండు మందులున్నాయి. ఛానెల్ మారినప్పుడల్లా దాని పేరు సెట్టే పలికేలా పెట్టడం ఒకటి. వాడని స్థానాలన్నిటిలో ముఖ్యమైన ఛానెల్‌నే నింపడం రెండోది. నాలుగు ఛానెళ్లే కావాలంటే, ఐదు నుంచి 16 దాకా ఎక్కడికి జరిగినా మనిషి అందరికీ అందుబాటులోనే ఉంటాడు. జోన్లు, అంటే విడివిడి ఛానెళ్ల గుంపులు మాత్రం కూలి చేసేవాళ్ల సెట్లలో పెట్టకండి. జోన్ మారితే అదే మూడో టిక్కు ఇంకో ఛానెల్ అయిపోతుంది.

ఇక స్కాన్. ఏ ఛానెల్‌లో మాట వినిపిస్తే సెట్టు తనే అక్కడికి వెళ్లి ఆగుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది, బదులివ్వడంలోనే తంటా. అవతలి మాట ఆగాక సెట్టు ఆ ఛానెల్‌లో కొన్ని సెకన్లే ఉంటుంది. ఆ లోపు మాట్లాడే బటన్ నొక్కితే, ప్రోగ్రామింగ్‌లో అలా పెట్టి ఉంటే, జవాబు అడిగినవాళ్లకి వెళ్తుంది. కాస్త ఆలస్యమైతే సెట్టు మామూలుగా తన సొంత ఛానెల్‌లోనే పంపేస్తుంది. గోడౌన్ వాళ్లు అడిగిన దానికి “సరే, వదిలెయ్యండి” అన్నది లోడింగ్ వాళ్ల చెవిలో పడుతుంది. వాళ్లు నిజంగానే వదిలేస్తే?

ఇంకోటి, సెట్టు మాటని పట్టుకునేలోపు మొదటి అక్షరాలు ఎగిరిపోతాయి. “రెండో గేటు తియ్యండి” కాస్తా “గేటు తియ్యండి” అవుతుంది. ఏ గేటు? స్కాన్ జాబితాలో ఛానెళ్లు పెరిగేకొద్దీ ఈ ఆలస్యమూ పెరుగుతుంది. కాబట్టి స్కాన్ సూపర్‌వైజర్లకి చాలు, వాళ్లకైనా రెండు మూడు ఛానెళ్లు మించకుండా. సామాను ఎత్తి దించేవాళ్లకి, యంత్రాల దగ్గరివాళ్లకి అసలు వద్దు.

మొబైల్ నెట్‌వర్క్ మీదో వైఫై మీదో నడిచే సెట్లలో కంట్రోల్ రూమ్ నుంచే మనుషుల్ని ఒక గ్రూప్‌లోంచి ఇంకో గ్రూప్‌లోకి మార్చే వీలుంటుంది. ఒప్పంద కార్మికులు వచ్చిపోయే చోట ఇది నిజంగా మేలు చేస్తుంది, కొత్తవాళ్లకి ఏమీ నేర్పక్కర్లేదు. కానీ సిగ్నల్ లేని మూలన ఉన్నవాడికి ఆ మార్పు చేరదు. సగం జట్టు కొత్త గ్రూప్‌లో, సగం పాతదాంట్లో మిగిలిపోతారు. మార్చాక కొత్త గ్రూప్‌లో పేరుపేరునా పిలిచి అందరూ పలికేదాకా పాతదాన్ని కంట్రోల్ రూమ్ వదలకూడదు. టచ్ స్క్రీన్ మీద వేలితో మార్చుకోవడం ఆఫీసులో కూర్చునేవాళ్లకి సరే, తడిచేతులకి పనికిరాదు.

ఏది ఎంచుకున్నా అన్ని సెట్లలోకీ ఒకే ప్రోగ్రామింగ్ ఫైల్ ఎక్కించాలి. డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) రకం సెట్లలో 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్ ఒక్కటే రెండు స్లాట్లుగా, అంటే వంతులవారీగా రెండు సంభాషణలు మోసేలా నడుస్తుంది. ఫ్రీక్వెన్సీ కలిసినా స్లాటో, కలర్ కోడో (ఒకే ఫ్రీక్వెన్సీ మీది జట్లని వేరుచేసే అంకె) తేడా వస్తే పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి కూడా ఒకరి మాట ఒకరికి వినపడకపోవచ్చు.

అత్యవసర బటన్‌ని మాత్రం నాబ్ ఎక్కడుందన్న దానితో ముడిపెట్టకండి. నొక్కగానే కంట్రోల్ రూమ్ ఎప్పుడూ వింటూండే ఒకే ఛానెల్‌కి వెళ్లేలా పెట్టండి. సెట్లు పంచేముందు నాబ్‌ని ఒక్కో స్థానానికి తిప్పి ఆ బటన్ నొక్కండి, ప్రతిసారీ కంట్రోల్ రూమ్‌లో అలారం మోగిందో లేదో అక్కడ కూర్చున్నవాళ్లనే అడగండి.