పాత స్ప్లెండర్ కిక్కుకు అందుకోవట్లేదా? ప్లగ్గా, కార్బురేటరా, ట్యాపెట్లా: ముందు ఏది విప్పడం మేలు

పొద్దున్నే పది పదిహేను కిక్కులు కొడితే గానీ బండి అందుకోకపోతే చాలా షాపుల్లో మొదట చేయి పడేది పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ మీదే. విప్పి, కడిగి, బిగించి ఇస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ అదే కథ. ఈ వరుసే తప్పు. కార్బురేటర్ రెండో స్థానంలో ఉండాలి. మొదటి స్థానం నిప్పురవ్వ పుట్టించే ప్లగ్‌ది, మూడోది ఇంజన్ వాల్వులను నొక్కి తెరిచే ట్యాపెట్లది. ఈ వరుస తిరగబడే సందర్భాలూ కొన్ని ఉన్నాయి, అవీ చెబుతాం.

ఇక్కడ లెక్కలోకి తీసుకుంటున్నది కిక్ స్టార్ట్ ఉన్న పాత 97.2 సీసీ హీరో హోండా స్ప్లెండర్. 1985లో వచ్చిన సీడీ 100 కుటుంబానికి చెందిన ఇంజనే 1994లో స్ప్లెండర్‌లోకి వచ్చింది కాబట్టి రెంటికీ ఇవే మాటలు వర్తిస్తాయి.

ప్లగ్ ఎందుకు ముందు

దానికి 16 మి.మీ. ప్లగ్ స్పానర్ ఒక్కటి చాలు, అయిదు నిమిషాల పని. అంతకన్నా ముఖ్యం, కరెంటు (ప్లగ్ దగ్గర దూకే రవ్వ), పెట్రోలు, ప్రెజర్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) మూడింటి సంగతీ ఎంతో కొంత ప్లగ్ మొహం మీదే కనిపిస్తుంది. కార్బురేటర్ విప్పితే పెట్రోలు సంగతి తప్ప మరేమీ తెలియదు.

చోక్ వేసి ఏడెనిమిది కిక్కులు కొట్టి, ఆలస్యం చేయకుండా ప్లగ్ తీయండి. పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, కరెంటు సరిగా లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువై ఇంజన్ ఫ్లడ్ అయింది. పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి చేరడం లేదు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదో. జిడ్డుగా ఆయిల్ తడి ఉంటే పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్ల వైపు చూడాలి.

తర్వాత కరెంటు. ప్లగ్‌ను క్యాప్‌లో (వైరు చివరి తొడుగులో) పెట్టి, దాని ఇనుప ఒంటిని హెడ్‌కు (సిలిండర్ పైభాగానికి) గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, అందులోంచి చిమ్మే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. ప్లగ్‌ను గాల్లో వదిలేసి మాత్రం కొట్టకండి, ప్లగ్‌కు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే సీడీఐ యూనిట్, దెబ్బతినవచ్చు. టప్‌మని శబ్దంతో నీలంగా దూకితే సరే. సన్నగా, పసుపుగా, ఒక కిక్కుకు వచ్చి మరో కిక్కుకు రాకపోతే అది బలహీనమైన కరెంటు.

బలహీనంగా ఉంటే సీడీఐ కొనడానికి పరుగెత్తకండి. ఖర్చు లేనివి ముందు చూడాలి. ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి, అరిగిన ప్లగ్‌లో అది 0.9 దాటి ఉంటుంది. క్యాప్‌ను స్క్రూలాగా తిప్పి ఊడదీసి, వైరు చివర పచ్చబడిన రాగిని అయిదు మి.మీ. మేర కోసి మళ్లీ తిప్పి ఎక్కించండి. రెసిస్టర్ ఉన్న క్యాప్ మల్టీమీటర్‌లో సుమారు 5 కిలో ఓములు చూపాలి. మీటరు అసలు కదలకపోతే క్యాప్ పోయినట్టే. వానాకాలంలో మాత్రమే మొరాయించే బండ్లలో ఎక్కువసార్లు దోషి ఈ క్యాపే: చీలికలోకి తడి దిగి, కరెంటు ప్లగ్ దాకా రాకుండా పక్కకు పారిపోతుంది.

అసలు కరెంటే లేకపోతే సీడీఐకి వెళ్లే నలుపు మీద తెలుపు గీత వైరును విప్పి కిక్ కొట్టండి. ఇంజన్ ఆపడానికి పెట్టిన వైరు అది. దాన్ని విప్పగానే కరెంటు వస్తే తప్పు తాళం స్విచ్‌లోనో, దాని వైరింగ్‌లోనో ఉంది. మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) విప్పే పని తప్పింది. అప్పటికీ రాకపోతే మాగ్నెట్ లోపలి కాయిల్, పల్సర్ కాయిల్ (రవ్వ ఎప్పుడు రావాలో సీడీఐకి చెప్పేది) కొలిచి, రెండూ బాగున్నాకే సీడీఐని అనుమానించాలి. పాత స్ప్లెండర్ స్పార్క్‌కు బ్యాటరీతో పని లేదు, కరెంటు మాగ్నెట్ నుంచే నేరుగా వస్తుంది. బ్యాటరీ మారిస్తే స్టార్టింగ్ బాగుపడుతుందని ఎవరైనా అంటే ఈ బండి విషయంలో నమ్మకండి.

తగువు తీర్చే పరీక్ష

కరెంటు నీలంగా ఉంది, ప్లగ్ పొడిగా ఉంది, అయినా అందుకోవడం లేదు. ఇప్పుడు కార్బురేటరా, ట్యాపెట్లా? సిరంజితో ఒకటి రెండు మి.లీ. పెట్రోలు ప్లగ్ రంధ్రంలో పోసి, ప్లగ్ బిగించి, చిందిన పెట్రోలు తుడిచి కిక్ కొట్టండి. రెండు మూడు క్షణాలు మండి ఆగిపోతే కరెంటూ ప్రెజరూ బాగున్నాయి, పెట్రోలు దారిలోనే అడ్డు ఉంది. అప్పుడు కార్బురేటర్ విప్పండి, ధైర్యంగా విప్పండి. ఒక్కసారి కూడా దగ్గకపోతే కార్బురేటర్ జోలికి పోకుండా ట్యాపెట్ల వైపు వెళ్లండి. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లే ఎన్నో మంచి కార్బురేటర్లు అనవసరంగా స్క్రూడ్రైవర్ల పాలవుతున్నాయి.

కార్బురేటర్ వంతు

విప్పే ముందు పెట్రోలు పైపు ఊడదీసి కాక్ తెరవండి. ధార తెగకుండా పడాలి. ట్యాంకు మూత తీస్తే ధార పెరిగిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదిలి గాజు సీసాలో పట్టండి. అడుగున గుండ్లుగా వేరుగా నిలిచేది నీరు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి ఆగిన బండిలో ఆ నీరు కిందికి దిగుతుంది. పాత రబ్బరు సీళ్లు కూడా దానికి ఉబ్బుతాయి.

స్టార్టింగ్‌కు సంబంధించింది పైలట్ జెట్, మెయిన్ జెట్ కాదు. యాక్సిలేటర్ మూసి ఉన్నప్పుడు ఇంజన్‌కు పెట్రోలు అందించేది పైలట్ జెట్, చోకే. అందుకే ఒకసారి అందుకున్నాక బండి 60లో చక్కగా లాగుతూ, పొద్దున మాత్రం ఏడిపిస్తే పైలట్ జెట్ రంధ్రంలో జిగురు చేరిందని అర్థం. ఆ రంధ్రంలో సూది, ఇనుప తీగ గుచ్చకూడదు. కాస్త పెద్దదైతే మిశ్రమం ఎప్పటికీ కుదరదు. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, గాలి పట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి రంధ్రం గుండ్రంగా కనిపించేదాకా చేయాలి. మిశ్రమం స్క్రూ తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో రాసుకుని, మళ్లీ అక్కడికే తేవాలి. చివర గట్టిగా బిగిస్తే స్క్రూ మొన, అది కూర్చునే చోటు రెండూ పాడవుతాయి.

ఇంజన్ వేడిగా ఉన్నా చోక్ వేస్తేనే అందుకుంటుంటే, జెట్ కడిగాక కూడా అలాగే ఉంటే, కార్బురేటర్‌కూ హెడ్‌కూ మధ్య జాయింట్‌లో గాలి లాగుతోందేమో చూడండి. చోక్ లేకుండా యాక్సిలేటర్ పూర్తిగా తిప్పితేనే అందుకుంటుంటే దానికి తిరుగుడు: గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ కారుతూ పెట్రోలు ఎక్కువవుతోంది.

ట్యాపెట్లు, ప్రెజర్

దీన్ని చివర పెట్టడానికి కారణం పని చెడగొట్టడం తేలిక కావడమే, ప్రాముఖ్యం తక్కువని కాదు. ట్యాపెట్లు చప్పుడు చేస్తే అందరూ గమనిస్తారు. చప్పుడు లేకుండా బిగుసుకుపోతే ఎవరికీ తెలియదు, ప్రమాదం మాత్రం అక్కడే ఉంది. వాల్వ్ తన సీటులోకి అరిగిన కొద్దీ గ్యాప్ తగ్గి, చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ప్రెజర్ కారిపోతుంది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో, మాగ్నెట్ మీది టీ గుర్తును (పిస్టన్ పైకొసకు చేరిందని చూపేది) కలిపి, రెండు ట్యాపెట్లూ కాస్త కదులుతున్నాయని చూసుకున్నాకే ఫీలర్ గేజ్ (సందును కొలిచే సన్నని రేకు) పెట్టాలి. ఈ వందసీసీ ఇంజన్లలో గ్యాప్ 0.05 నుంచి 0.08 మి.మీ. మధ్య, మీ మోడల్ మాన్యువల్‌లో ఏది ఉంటే అదే.

గ్యాప్ సరిచేశాకా ప్రెజర్ గేజ్‌తో కొలిస్తే ప్రెజర్ లేకపోతే ప్లగ్ రంధ్రంలో 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి, యాక్సిలేటర్ పూర్తిగా తెరిచి గేజ్‌తో మళ్లీ కొలవండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులూ బోరూ (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. పెరగకపోతే వాల్వులు. బోరు పని కన్నా వాల్వ్ ల్యాపింగ్ (వాల్వును సీటుకు నూరి కుదర్చడం) ఖర్చు చాలా తక్కువ కాబట్టి, ఈ కొలత లేకుండా ఇంజన్ పైసగం విప్పే హాఫ్ ఇంజన్ పనికి ఒప్పుకోకండి.

వరుస ఎప్పుడు మారుతుంది

మూడు నెలలకు మించి ఆగిన బండికి కార్బురేటరే మొదలు. వేడెక్కి ఆపిన బండి పది నిమిషాల తర్వాత అందుకోకపోతే, అది మొరాయించిన ఆ క్షణంలోనే కరెంటు చూడండి. కరెంటు లేక, చల్లారాక తిరిగి వస్తే తప్పు పల్సర్ కాయిల్‌దో సీడీఐదో. కరెంటు నీలంగానే ఉంటే బిగుసుకున్న ట్యాపెట్లను అనుమానించాలి.

పాయింట్లు (తెరుచుకుని కరెంటును తెంచి రవ్వ పుట్టించే లోహపు జత) ఉన్న పాత బుల్లెట్ 350కి ఈ వరుస పనికిరాదు. అక్కడ స్పార్క్ బ్యాటరీ మీద ఆధారపడుతుంది, కాబట్టి బ్యాటరీ మొదలు, తర్వాత పాయింట్లు. గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., మొహాలు శుభ్రంగా, సమంగా ఉండాలి. పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్యే నిప్పు బాగా మెరుస్తుంటే ఆ మెరుపును అణిచే కండెన్సర్‌ను మార్చండి. ప్రెజర్ తగ్గిందనిపిస్తే హెడ్ విప్పే ముందు డీకంప్రెసర్ (కిక్ తేలికయ్యేలా ప్రెజర్ వదిలే చిన్న వాల్వ్) కేబుల్ చూడండి. లివర్ దగ్గర రెండు మూడు మి.మీ. లూజు లేకపోతే ఆ చిన్న వాల్వ్ ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటుంది, ఎంత బలంగా కొట్టినా కిక్కుకు పట్టు దొరకదు.