పెడల్ వెనక్కి తిప్పితే ఆగే సైకిల్

మూడు రోజుల కోసం వెళ్తున్న నగరంలో తిరగడానికి సైకిలే నయమని మా తమ్ముడు ముందే తేల్చేశాడు. వాడు తన సైకిల్‌ను రైల్లో వెంట తెచ్చుకున్నాడు. నాకు అద్దెదే గతి. బసకు దగ్గర్లో ఉందని మొదటి రోజు ఒక పెద్ద షాపుకు వెళ్లాను. అద్దాల గోడలు, తళతళలాడే సైకిళ్లు, అన్నీ 21 గేర్లవే. గుర్తింపు కార్డు చూశారు, డిపాజిట్ తీసుకున్నారు, తాళంచెవి చేతిలో పెట్టారు. సీటు ఎత్తు సరిపోయిందా అని ఒక్కరూ అడగలేదు. ఆ మాట అడగని చోట చెయిన్‌ను కూడా ఎవరూ చూసి ఉండరని నాకు అప్పటికి తట్టలేదు.

గంట తిరగకముందే తెలిసింది. ఎత్తు ఎక్కుతూ గేరు మార్చగానే చెయిన్ జారి, పళ్లచక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంది. వెనక రిమ్ము వంకరగా ఉండి, చుట్టుకొకసారి బ్రేకు రబ్బరును రాసుకుంటోంది. చేతుల నిండా గ్రీజుతో తిరిగి వెళ్తే, గేరు మార్చడం నాకు రాలేదని తేల్చారు. వాదించే ఓపిక లేక రోజు అద్దె వదులుకుని వచ్చేశాను.

రెండో షాపు తమ్ముడి చలవే. వాడి సైకిల్ కూడా గట్టిగా తొక్కితే చెయిన్ ఎగిరి పడుతోందని, బాగుచేసేవాళ్ల కోసం వెతుకుతూ ఒక వెనక వీధిలోకి తీసుకెళ్లాడు. ఇక్కడ అద్దాలు లేవు. వీధిలోంచి చూస్తే ముందు కనిపించేది పనిబల్లే. స్టాండుకు వేలాడుతున్న ఒక సైకిల్, దాని కింద పాత గుడ్డ పరిచి వరసగా పెట్టిన విడిభాగాలు. మెకానిక్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కడెక్కడికి వెళ్తారు? సామాను ఉంటుందా?" అని. తర్వాత నన్ను సీటు మీద కూర్చోబెట్టి, మడమను పెడల్ మీద ఆనించమన్నారు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా చాపుకోవాలట. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. రెండుసార్లు సీటు పైకీ కిందికీ జరిపి గానీ వదల్లేదు.

ఆయన ఇచ్చిన సైకిల్ చూసి ముందు ముఖం చిన్నబోయింది. నల్లటి ఉక్కు ఫ్రేము, చెయిన్ మొత్తాన్ని కప్పేసే డబ్బా, వెడల్పాటి టైర్లు, 20 కిలోలకు అటూ ఇటూ బరువు. గేర్లు మూడే, అవీ బయటికి కనిపించవు, వెనక చక్రం ఇరుసు డబ్బాలోనే ఉంటాయి. సుఖమంతా అందులోనే ఉందని సాయంత్రానికి అర్థమైంది. సిగ్నల్ దగ్గర ఆగి కాలు కింద పెట్టాక కూడా గేరు తగ్గించుకోవచ్చు. మొదటి షాపు సైకిల్‌కు పెడల్ తొక్కుతుంటేనే గేరు మారేది.

వెనక బ్రేకు చేతిలో కాదు, కాలిలో ఉంది. పెడల్ వెనక్కి తిప్పితే ఆగుతుంది. ఈ సంగతి ఆయన చెప్పారు, నేను తలూపాను, షాపు ముందే మరిచిపోయాను. బయల్దేరే ముందు పెడల్ పైకి తెచ్చుకోవాలని అలవాటుగా వెనక్కి తిప్పబోతే కాలు అక్కడే బిగుసుకుపోయింది. ముందుకొక అడుగు దొర్లించి పెడల్ తెచ్చుకోవడం ఇంకో పది సిగ్నళ్లకు వచ్చింది. ముందు చక్రానికి చేతి బ్రేకు కూడా ఉంది. అది లేని కాలి బ్రేకు సైకిల్‌ను తీసుకోవద్దని మెకానికే హెచ్చరించారు, ఎందుకంటే చెయిన్ ఊడితే వెనక బ్రేకు దానితోపాటే పోతుంది. పొడవాటి దిగుడులో కాలి బ్రేకు ఒక్కదానినే నమ్ముకుంటే ఇరుసు వేడెక్కి లోపలి గ్రీజు కరుగుతుంది. చదునైన నగరానికి ఇది రాజు. కొండదారికి మాత్రం నేనైతే తీసుకోను.

ఇక తమ్ముడి సైకిల్. ఆ షాపు మీద నాకు గురి కుదిరింది ఇక్కడే. చెయిన్ సాగిందని మనం అంటాం గానీ, నిజానికి లంకెలు సాగవు, వాటిని కలిపే పిన్నుల దగ్గర అరుగుతుంది. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆయన చెయిన్ మీద సన్నటి ఇనుప కొలబద్ద ఆనించి, 24 పిన్నులు లెక్కపెట్టి చూపించారు. సరిగ్గా 12 అంగుళాలు రావాల్సింది మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. అంటే ఒక శాతం. అంత అరిగేదాకా తొక్కితే వెనక పళ్లచక్రాలూ దానికి తగ్గట్టే అరిగిపోతాయి. కొత్త చెయిన్ ఒక్కటే వేస్తే పాత పళ్ల మీద మళ్లీ ఎగురుతుంది. రెండూ మార్చాలి, ఇంత అవుతుంది, వద్దంటే ఇప్పటికి ఇలాగే తొక్కుకోవచ్చు అని పని మొదలుపెట్టకముందే చెప్పారు. విప్పిన పళ్లచక్రాలను తర్వాత మా ముందే బల్ల మీద పెట్టారు. పళ్లు ఒక పక్కకు వాలి కొక్కేల్లా ఉన్నాయి.

పెడల్ కూడా వదులైందని తమ్ముడు అంటే, నేను విప్పుతాను చూడు అని స్పానర్ అందుకుని ఎడమ పెడల్ మీద బలమంతా పెట్టాను. కదల్లేదు. మెకానిక్ నవ్వి, ఎడమ వైపు మర ఎదురు తిరుగుతుందండీ, మీరు ఇంకా బిగిస్తున్నారు అన్నారు. తొక్కుతున్నప్పుడు దానంతటది విప్పుకోకుండా అలా చేస్తారట.

మెచ్చుకున్నాను కదా అని తప్పులు లేవనుకోవద్దు. మధ్యాహ్నం రెండు గంటలు షాపు మూస్తారు, ఆ సంగతి బోర్డు మీద లేదు. హెల్మెట్లు ఒకే కొలతవి, పట్టీలకు పాత చెమట వాసన. తాళం గొలుసు ఎంత బరువంటే దాన్ని మెడలో వేసుకుంటే కాసేపటికి భుజం లాగేసింది.

అదనపు ట్యూబు కొనబోతే ఇంకో పాఠం. 28 అంగుళాలదని అడిగాను. ఆయన ఏమీ అనకుండా తమ్ముడి టైరు పక్కన 37-622 అని ఉన్న అంకెలు (మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రిమ్ము వ్యాసం) చదివి ట్యూబు తీశారు. 28 అంగుళాల పేరుతోనే 622, 635 మిల్లీమీటర్ల రిమ్ములు రెండూ ఉన్నాయి. ఒకదాని టైరు ఇంకొకదానికి పట్టదు.

అమ్మకానికి పెట్టినవీ చూశాం. నా అద్దె సైకిల్ జాతివే, చక్రానికి 36 పుల్లలు, ముందు ఇరుసులోనే డైనమో. మనసు లాగింది. కానీ ఆ రెండు రాత్రులూ నా సైకిల్‌ను బసలో మెట్ల మీదుగా రెండో అంతస్తుకు మోశాను, కింద పెట్టుకునే చోటు ఇవ్వలేదు. కింది గదిలో ఉండేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. నాకు అద్దె చాలు. మళ్లీ వెళ్తే గది చూసే ముందు సైకిల్ ఎక్కడ పెట్టనిస్తారో అడుగుతాను.

చివరి రోజు సైకిల్ అప్పగిస్తే చక్రాలు ఒకసారి తిప్పి చూసి డిపాజిట్ మొత్తం ఇచ్చేశారు. స్టేషన్‌కు వెళ్లే దారిలో తమ్ముడి సైకిల్ నేను కాసేపు తొక్కాను. సిగ్నల్ ఎర్రగా పడింది. ధీమాగా పెడల్ వెనక్కి తిప్పాను. కొత్త చెయిన్ చప్పుడు లేకుండా వెనక్కి తిరిగింది, సైకిల్ ముందుకే పోయింది.